భుజం నొప్పితో త్రో వేయలేకపోతున్నారా? ఆపరేషన్ దాకా వెళ్లేముందు చేయాల్సిన పని ఇదీ

పోయిన వేసవిలో ఒక అబ్బాయి ఎమ్మారై ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని వాళ్ల నాన్నతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. 19 ఏళ్లుంటాయి. జిల్లా జట్టులో మీడియం పేసరు, బౌండరీ దగ్గర మంచి ఫీల్డరు. రిపోర్టులో 'లాబ్రం (భుజం కీలు అంచున ఉండే మెత్తటి చుట్టు) చిరిగింది' అని రాసి ఉంది, ఆపరేషన్ తప్పదని ఎవరో చెప్పారు, ఇంట్లో రెండు రాత్రులుగా ఎవరికీ నిద్ర లేదు. ఫిల్ములు పక్కన పెట్టి, చొక్కా విప్పి గోడవైపు తిరిగి రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తి దించమన్నాను. దించేటప్పుడు కుడివైపు రెక్క ఎముక వీపు మీంచి లేచి, హ్యాంగరుకి తగిలించిన చొక్కా భుజంలా పొడుచుకొచ్చింది. ఎడమది వీపుకి అంటుకునే ఉంది. ఆ తేడా వాళ్ల నాన్నకి కూడా స్పష్టంగా కనిపించింది.

రోజుకి ఎన్ని త్రోలు వేస్తున్నావు అని అడిగాను. తెలియదన్నాడు. కూర్చోబెట్టి లెక్క వేస్తే, పొద్దున క్యాంపులో ఫీల్డింగ్ డ్రిల్లు, నెట్స్‌లో బంతి తిరిగి విసరడం, సాయంత్రం కాలనీ కుర్రాళ్లతో మ్యాచ్, అన్నీ కలిపి 150 దాటాయి. వారానికి ఆరు రోజులు అదే పని.

ఓవర్లు లెక్కపెట్టుకుంటారు, పరుగులు లెక్కపెట్టుకుంటారు, త్రోలు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. త్రో వేసేవాళ్ల భుజం నొప్పుల్లో చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు, కానీ 'ఆపరేషన్ వద్దు' అంటే 'నాలుగు వారాలు రెస్ట్ తీసుకుంటే అదే పోతుంది' అని కాదు. రెస్ట్‌లో నొప్పి తగ్గుతుంది, మళ్లీ మైదానంలోకి దిగిన మొదటి వారంలోనే తిరిగొస్తుంది, ఎందుకంటే నొప్పి పుట్టించిన కారణం ఎక్కడిదక్కడే ఉంది. కండరాన్ని తిరిగి కట్టుకోవడం, త్రోని ఒక లెక్క ప్రకారం తిరిగి మొదలుపెట్టడం, ఈ రెండూ జరగాలి. మొదటిది చాలామంది చేస్తారు. రెండోదాని దగ్గరే తప్పుతారు.

ముందుగా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సింది ఎవరు

డైవ్ చేసినప్పుడో కింద పడ్డప్పుడో గూడ జారితే, దెబ్బ తగిలాక చేయి అసలు లేవకపోతే ఇంట్లో కసరత్తులు మొదలుపెట్టకండి, ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు జారిపోతున్నా, రెక్క ఎముక మీద కండ కరిగి గుంట పడినట్టున్నా నరం సంగతి చూడాలి. చేయంతా వాచి, నీలంగా, బరువుగా మారితే మాత్రం అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. గట్టిగా చేయి తిప్పే కుర్రాళ్లలో అరుదుగానైనా చంక దగ్గరి రక్తనాళంలో గడ్డ కడుతుంది, దాన్ని బెణుకు అనుకుని నూనె రాస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పితో పాటు జ్వరం ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఆదివారం సరదాగా ఆడే 40 దాటిన అన్నలకు ఇంకో మాట, ఎడమ భుజం నొప్పి చెమటతోనో ఆయాసంతోనో వస్తే అది త్రో వల్ల కాకపోవచ్చు, ముందు గుండె చూపించుకోండి.

పదహారేళ్ల లోపు పిల్లల సంగతి వేరు, దాని గురించి కింద రాశాను.

లోపల ఏం జరుగుతోంది

తుంటి కీలు రోట్లో కూర్చున్న పొత్రంలాంటిది, లోతుగా, గట్టిగా ఉంటుంది. భుజం అలా కాదు, సాసర్ మీద పెట్టిన నిమ్మకాయ. అందుకే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే జారుతుంది కూడా. ఆ సాసర్ అంచుకి వాషరులా ఒక మెత్తటి చుట్టు ఉంటుంది, అదే లాబ్రం. నిమ్మకాయని సాసర్ మధ్యలో పట్టి ఉంచడానికి నాలుగు చిన్న కండరాలు ఉన్నాయి, వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ఇక ఆ సాసర్ ఉన్నది ఎక్కడో కాదు, రెక్క ఎముక మీదే. రెక్క ఎముక సమయానికి సరిగ్గా తిరగకపోతే సాసరే పక్కకి వాలిపోతుంది, అప్పుడు నిమ్మకాయని ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం లేదు.

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ల మీద కొలిచినప్పుడు, బంతి వదిలే క్షణంలో భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకి సుమారు 7000 డిగ్రీలని తేలింది. మనిషి దేహంలో ఇంత వేగంగా కదిలే కీలు ఇంకోటి దొరకడం కష్టం. బౌండరీ నుంచి కీపరుకి ఫ్లాట్‌గా కొట్టే త్రో కూడా అదే జాతి కదలిక. బంతి చేతిలోంచి వెళ్లిపోయాక ఆ చేతికి బ్రేకు వేయాల్సింది వెనకవైపున్న ఆ చిన్న కండరాలే. అవి అలసిపోతాయి, భుజం వెనక భాగం బిగుసుకుపోతుంది, బిగుసుకున్న కొద్దీ నిమ్మకాయ తన చోటు నుంచి కాస్త పైకీ వెనక్కీ జరుగుతుంది. అలాంటప్పుడు చేయి బాగా వెనక్కి తీసుకెళ్తే కఫ్ లోపలి అంచు, లాబ్రం రెండూ ఎముకల మధ్య నలుగుతాయి. 'చేయి వెనక్కి తీసుకున్నప్పుడు భుజం వెనకాల లోపల్లోపల పట్టేసినట్టుంది అన్నా' అని కుర్రాళ్లు చెప్పేది దీన్నే. కొందరికి నొప్పి కూడా ఉండదు, త్రోలో జోరు పోతుంది అంతే, చేయి చచ్చుబడినట్టు ఉందంటారు. ఆ మాట వినగానే ఆపేస్తే సగం బాధ తప్పుతుంది.

ఎమ్మారై రిపోర్టు చూసి బెంబేలెత్తకండి

ఏ నొప్పీ లేని, హాయిగా ఆడుకుంటున్న మేటి ఆటగాళ్లకి ఎమ్మారై తీస్తే ఏం కనిపిస్తుంది? 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో టెన్నిస్, బేస్‌బాల్ ఆడే 20 మందికి అలా తీశారు. ఆడే చేతివైపు 40 శాతం మందికి కఫ్‌లో చిరుగు కనిపించింది. అయిదేళ్ల తర్వాత అడిగినా వాళ్లలో ఎవరికీ ఆ భుజంతో ఇబ్బంది రాలేదు. అంటే త్రో వేసే భుజంలో చిరుగు ఉండడం, ఆ చిరుగే నొప్పికి కారణం కావడం ఒకటి కాదు. ఫిల్ము అబద్ధం చెప్పదు, కానీ ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి, ఏ కదలికకి నొప్పి అన్నది ఎవరో చేయి పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ఆపరేషన్ చేయించుకుంటే మునుపటిలా ఆడతామన్న భరోసా కూడా త్రోయర్లకి తక్కువే. లాబ్రం పైభాగం చిరిగిన ప్రొఫెషనల్ బేస్‌బాల్ పిచర్ల లెక్కలు 2014లో బయటికొచ్చాయి. ఆపరేషన్ లేకుండా రీహాబ్, అంటే కసరత్తులతో భుజాన్ని తిరిగి కట్టుకునే పని, చేసినవాళ్లలో 40 శాతం మంది తిరిగి ఆడారు, పాత స్థాయికి చేరింది 22 శాతం. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో తిరిగి ఆడింది 48 శాతం, పాత స్థాయికి చేరింది 7 శాతం. సాధారణంగా రీహాబ్‌తో కుదరనివాళ్లకే ఆపరేషన్ చేస్తారు కాబట్టి ఈ రెండింటినీ సరిసమానంగా పోల్చకూడదు. అయినా, ముందు రీహాబ్ పూర్తిగా చేసి చూడకుండా కత్తి దాకా వెళ్లడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

మొదటి రెండు వారాలు: త్రో ఆపండి, చేయి ఆపకండి

త్రో పూర్తిగా ఆపాలి. 'మెల్లగా వేస్తున్నా అన్నా' అనే మాట వద్దు. కానీ చేతిని జోలెకట్టి మెడకి వేలాడదీయాల్సిన పనీ లేదు. తింటాం, రాస్తాం, నడుస్తాం, కాళ్ల కసరత్తులు చేస్తాం, అన్నీ చేయొచ్చు. మన దగ్గర ఏ ఎముక సంగతైనా పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. అది విరిగిన ఎముకలకి పేరు పడిన కట్టు, ఇక్కడ ఎముక విరగలేదు. త్రో వల్ల వచ్చిన నొప్పికి భుజాన్ని కట్టేసి వారాలపాటు ఉంచితే కీలు బిగుసుకుంటుంది. నూనె మర్దనతో హాయిగా ఉంటే వెనకవైపు కండ మీద మెత్తగా చేయించుకోండి, ఎవరైనా చేయి పట్టి గుంజి 'నరం సరిచేస్తా' అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఐసు తువ్వాలులో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టుకోవచ్చు. ఉపశమనం ఇస్తుంది, అంతకుమించి బాగుచేయదు. మాత్రలు డాక్టరు రాసినన్ని రోజులే వాడండి, మ్యాచ్ ముందు నొప్పి తెలియకుండా వేసుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. జ్వరం ఉంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు, వానాకాలంలో మన ఊళ్లలో డెంగీ ఎంతుంటుందో తెలిసిందే.

ఇంజెక్షన్ల గురించి నా మాట వినండి. 20 ఏళ్లప్పుడు లీగు సీజన్ మధ్యలో నాకు ఒకే భుజానికి మూడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు, ప్రతిసారీ నాలుగైదు రోజుల్లో నొప్పి మాయమయ్యేది, నేను వెళ్లి బౌండరీ దగ్గర నిలబడేవాణ్ని. మూడోసారి తర్వాత సీసా మూత తిప్పడానికి కూడా చేయి సహకరించలేదు. రెండు సీజన్లు పోయాయి. స్టెరాయిడ్ మంట తగ్గిస్తుంది, అవసరమైన చోట ఒకసారి వేయించుకోవడం తప్పు కాదు, కానీ పదే పదే వేస్తే కండర తాడు బలహీనపడుతుంది, నొప్పి తెలియని భుజంతో గట్టిగా విసిరితే ఉన్న చిరుగు పెద్దదవుతుంది. వేయించుకుంటే ఆ తర్వాత కొన్ని వారాలు త్రో లేకుండా కసరత్తుకే వాడుకోండి.

పడుకునేటప్పుడు నొప్పి ఉన్నవైపు ఒరగకుండా, ఇంకోవైపు పడుకుని ఛాతీ ముందు ఒక దిండు కౌగిలించుకోండి. చాలామందికి ఆ ఒక్క దిండుతో నిద్ర పడుతుంది.

ఈ రోజుల్లోనే గోడ సాయంతో చేసే చిన్న పని ఒకటి మొదలుపెట్టొచ్చు. గోడ పక్కన నిలబడి, మోచేయి ఒంటికి ఆనించి, 90 డిగ్రీలు మడిచి, అరచేతి వెనక భాగంతో గోడని బయటికి నెట్టండి. సగం బలం చాలు. 10 సెకన్లు పట్టి వదలండి, పదిసార్లు. చేయి కదలదు కాబట్టి కీలు నలగదు, కండరం మాత్రం మేలుకుంటుంది.

ఎంత బిగుసుకుందో ఇంట్లోనే చూసుకోండి

వెల్లకిలా పడుకోండి. చేయిని భుజానికి సమంగా పక్కకి చాపి, మోచేయి మడిచి, చేతివేళ్లు పైకప్పు వైపు ఉంచండి. ఒకరు భుజం ముందు భాగాన్ని అరచేత్తో మెత్తగా నేలకి ఆనించి పట్టుకోవాలి, లేకపోతే భుజం లేచి మోసం చేస్తుంది. ఇప్పుడు అరచేయి పాదాల వైపు వాల్చండి, ఎక్కడ ఆగిందో చూడండి. తర్వాత తల వైపు వాల్చండి. ఫోన్‌ని ముంజేతికి ఆనించి కోణం చూపించే యాప్‌తో డిగ్రీలు రాసుకోండి. రెండో చేతికీ ఇలాగే.

విసిరే చేయి తల వైపు ఎక్కువ, పాదాల వైపు తక్కువ తిరగడం మామూలే, చిన్నప్పటి నుంచి విసిరేవాళ్లకి ఎముకే ఆ తీరులో పెరుగుతుంది. పాదాల వైపు తేడా 20 డిగ్రీలో అంతకంటే ఎక్కువో ఉంటే, రెండు వైపుల కోణాలూ కూడితే వచ్చే మొత్తం రెండో చేతికంటే 5 డిగ్రీలకు మించి తగ్గితే, వెనకభాగం బిగుసుకుందని అర్థం. ఆ అబ్బాయికి మొత్తంలో 25 డిగ్రీలు తక్కువ వచ్చింది.

సాగదీత ఒకటి, కసరత్తులు కొన్ని

స్లీపర్ స్ట్రెచ్ అంటారు దీన్ని. నొప్పి ఉన్న భుజం కిందికి వచ్చేలా పక్కకి ఒరిగి పడుకోండి, తలకింద దిండు ఉండాలి. పూర్తిగా భుజం మీద పడుకోకుండా వీపుని కాస్త వెనక్కి వాల్చండి, ఈ చిన్న సర్దుబాటు చేయకపోవడం వల్లే చాలామందికి ఇది పడదు. కింది చేయి ముఖం ముందు, భుజానికి సమంగా, మోచేయి మడిచి నిటారుగా. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మెల్లగా నేలవైపు నొక్కండి. భుజం వెనక సాగుతున్నట్టు అనిపించాలి. ముందుభాగంలో కుచ్చుకున్నట్టుంటే తప్పు చేస్తున్నారు, ఆపేయండి. 30 సెకన్లు, మూడు నుంచి అయిదుసార్లు, రోజూ. బలంగా నొక్కితే తొందరగా వదులవుతుందని అనుకోవద్దు.

అది పడకపోతే గుమ్మం అంచుకి రెక్క ఎముక ఆనించి, మోచేతిని రెండో చేత్తో ఛాతీ మీదుగా లాగండి, అదీ మంచిదే. గుమ్మానికి చేయి పెట్టి ఛాతీ ముందుకి తోసే సాగదీత మాత్రం వద్దు. త్రోయర్లకి ముందువైపు ఇప్పటికే వదులు, దాన్ని ఇంకా వదులు చేసుకోవడం ఎందుకు?

ఇక బలం. రోజూ చేయగలిగింది ఒకటే ఎంచుకోమంటే, పక్కకి పడుకుని చేయి తిప్పే కసరత్తుని ఎంచుకుంటాను. మంచి భుజం కిందికి వచ్చేలా పడుకోండి. పై చేతి మోచేయికీ పక్కటెముకలకీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టండి, మోచేయి 90 డిగ్రీలు మడవండి. చేతిలో అరలీటరు నీళ్ల సీసా. ముంజేతిని పైకి తిప్పండి, మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. దించడమే అసలు పని, బంతి వదిలాక బ్రేకు వేసే కండరానికి అదే శిక్షణ. 15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. నొప్పి లేకుండా వరసగా రెండుసార్లు పూర్తయితే అరకిలో పెంచండి. రెండు మూడు కిలోల దగ్గర చాలామంది ఆగిపోతారు, అంతే చాలు, ఇది కండలు చూపించే కసరత్తు కాదు.

తర్వాత రెక్క ఎముక. గోడకి చేతులు ఆనించి, మోచేతులు వంచకుండా, వీపుని గోడకి దూరంగా నెట్టండి, రెక్క ఎముకలు విడిపోతాయి. మళ్లీ దగ్గరికి రానివ్వండి. గోడ మీద తేలికైపోతే నేల మీద. మంచం అంచున బోర్లా పడుకుని చేయి కిందికి వేలాడదీసి, బొటనవేలు పైకి ఉంచి పక్కకి ఒకసారి, తల పక్కకి ఏటవాలుగా ఒకసారి ఎత్తండి, మొదట్లో చేతిలో బరువేమీ వద్దు. కిటికీ ఊచకి రబ్బరు బ్యాండో పాత సైకిల్ ట్యూబో కట్టి రెండు చేతులతో వెనక్కి లాగండి. ఇవి మూడూ 12 నుంచి 15 సార్లు, మూడు సెట్లు.

నాలుగైదు వారాలకి ఇవన్నీ నొప్పి లేకుండా అవుతుంటే చేయి త్రో భంగిమలోకి తేవాలి. మోచేయి భుజం ఎత్తున ఉంచి బ్యాండుతో వెనక్కి తిప్పడం, తర్వాత రెండు చేతులతో కిలో బంతి గోడకి కొట్టడం, తర్వాత ఒంటిచేత్తో తేలిక బంతి. ఈ దశలో ఒకసారి ఫిజియో చూస్తే మంచిది, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది.

కాళ్లు మర్చిపోకండి, నిజంగా. త్రోలో పుట్టే బలంలో సగం దాకా కాళ్లూ నడుమూ ఇచ్చేదే. త్రో వేసేటప్పుడు ముందుకి మోపే కాలి మీద ఒంటికాలిపై నిలబడి కాస్త కూర్చుని లేవండి, మోకాలు లోపలికి వాలిపోతుంటే లోటంతా భుజం తీరుస్తోందని అర్థం. అలా వాలిపోయే అబ్బాయికి భుజం కసరత్తులతో పాటు ఒంటికాలి స్క్వాట్లు, నడుము తిప్పే కసరత్తులు పెట్టకపోతే, ఎంత బాగుచేసినా ఆరు నెలల్లో మళ్లీ వస్తాడు.

తిరిగి త్రో మొదలుపెట్టడం

ఎప్పుడు మొదలుపెట్టాలి? రోజువారీ పనుల్లో నొప్పి లేనప్పుడు, ఆవైపు ఒరిగి పడుకోగలిగినప్పుడు, రెండు చేతుల కోణాల మొత్తం దాదాపు సమం అయినప్పుడు, అదే బరువుతో రెండు చేతులూ సమానంగా చేయగలిగినప్పుడు. కొలిచే పరికరం ఉన్న ఫిజియో దగ్గరైతే, బయటికి తిప్పే బలం లోపలికి తిప్పే బలంలో కనీసం మూడొంతులు, అంటే నాలుగో వంతు మాత్రమే తక్కువగా ఉండాలి. తేదీ చూసి మొదలుపెట్టకండి. కొందరికి ఆరు వారాలు, కొందరికి మూడు నెలలు.

ఆస్ట్రేలియాలో 28 మంది మేటి క్రికెటర్ల త్రోలని సీజనంతా లెక్కపెట్టి 2011లో ఒక అధ్యయనం అచ్చేశారు. వారానికి 75 త్రోలు దాటినవాళ్లకి చేతి గాయాల ముప్పు సుమారు 1.7 రెట్లు ఉంది, రోజుకి 40 దాటినా పెరిగే సూచనలు కనిపించాయి. ఆ అబ్బాయి ఒక్క రోజులో రెండు వారాల కోటా వేసేవాడు.

నేను ఇచ్చే లెక్క ఇది. ఒక రోజుకి 12 చొప్పున రెండు సెట్లు, మధ్యలో పది నిమిషాల విరామం, రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. మొత్తం 72. మొదటి మెట్టు 10 మీటర్లు, తర్వాత 15, తర్వాత 20, అంటే పిచ్ పొడవు. ఆపైన 30, 40, 50, 60. ఒక్కో మెట్టు మీద రెండు రోజులు, రెండూ నొప్పి లేకుండా గడిస్తేనే పై మెట్టు. ఒళ్లు వెచ్చబడి చెమట పట్టాకే మొదటి బంతి. నిలబడిన చోటి నుంచి చేత్తో గుంజకుండా, చిన్న గెంతు వేసి, కాలు మోపి, నడుము తిప్పి వదలండి. బంతి గాల్లో వంపు తిరిగి వెళ్లనివ్వండి, ఫ్లాట్ త్రోలు ఆఖరి మెట్టు తర్వాతే. అవతలివాడు తిరిగి ఇచ్చే బంతిని మీరు చేత్తో విసిరి అందించే అలవాటుంటే అది కూడా లెక్కలోకే వస్తుంది, వద్దు, దొర్లించండి.

లెక్క తప్పకుండా ఉండడానికి ఆ అబ్బాయి వాళ్ల అమ్మ ఒక ఉపాయం చెప్పింది. ట్రాక్ ప్యాంటు ఎడమ జేబులో 24 చింతపిక్కలు. ఒక త్రో వేస్తే ఒక పిక్క కుడి జేబులోకి. ఎడమ జేబు ఖాళీ అయితే ఆ రోజుకి త్రోలు అయిపోయినట్టే, కోచ్ సార్ ఇంకో రెండు వేయమన్నా సరే. నేనిప్పుడు అందరికీ అదే చెప్తున్నాను.

నొప్పి వస్తే? భుజం వెనక కండరం మెత్తగా నొప్పిగా ఉండి, మర్నాడు ఒళ్లు వెచ్చబడగానే పోతే భయం లేదు, అదే మెట్టు మీద ఉండండి. వార్మప్ తర్వాత కూడా ఉంటే ఆ రోజు త్రో మానేసి, తర్వాతిసారి ఒక మెట్టు దిగండి. కీలు లోపల సూదిలా గుచ్చితే ఆ త్రోతోనే ఆపేయండి. మెట్టు దిగడం ఓటమి అనుకునే కుర్రాళ్లే నా దగ్గరికి రెండోసారి వస్తున్నారు, వాళ్లని చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే పది రోజుల ఓపికతో అయ్యేది పది వారాలకి పోతుంది.

టెన్నిస్ బంతి తేలికే కదా అని లెక్కలోంచి తీసేయకండి. క్రికెట్ బంతి 160 గ్రాముల దగ్గర ఉంటే టెన్నిస్ బంతి అందులో మూడో వంతు ఉంటుంది, నిజమే, కానీ తేలిక బంతిని చేయి ఇంకా వేగంగా విసురుతుంది, బ్రేకు వేయాల్సింది ఆ భుజమే. బౌలింగ్ వేరే లెక్క. మోచేయి చాచి వేసే కదలిక కాబట్టి చాలామందికి త్రో కంటే ముందే నొప్పి లేకుండా వస్తుంది, అలాంటప్పుడు బౌలింగ్ చేయొచ్చు, ఫీల్డింగ్ మాత్రం స్లిప్‌లోనో మిడాన్‌లోనో ఉంచమని కెప్టెన్‌ని అడగండి.

జావెలిన్ వాళ్లకి మెట్లు దూరంతో కాదు, పరుగుతో. మగవాళ్లది 800 గ్రాములు, ఆడవాళ్లది 600, దాన్ని వెంటనే పట్టుకోకుండా రెండు చేతుల మెడిసిన్ బాల్‌తో మొదలుపెట్టి, నిలబడి చిన్న బంతి, తర్వాత నిలబడి జావెలిన్, మూడడుగులు, అయిదడుగులు, చివరికి పూర్తి రన్నప్. మోచేయి భుజం కంటే కిందికి జారుతుంటే ముందు అది సరిదిద్దాలి.

పిల్లల తల్లిదండ్రులకి

11 నుంచి 16 ఏళ్ల మధ్య భుజం ఎముక పైభాగంలో పెరిగే పొర ఇంకా మెత్తగా ఉంటుంది. ఎక్కువ త్రోలు వేస్తే అక్కడే దెబ్బ తింటుంది, నొప్పి జబ్బ పైభాగంలో బయటివైపు వస్తుంది. రెండు భుజాలకీ ఎక్స్‌రే తీసి పోల్చి చూస్తే తెలుస్తుంది. దీనికి కావాల్సింది సుమారు మూడు నెలలు త్రో మానేయడం, ఆపైన మెల్లగా మెట్లెక్కడం. ఇంజెక్షన్లు వద్దు, దాదాపు అందరికీ అదే మానుతుంది. సమ్మర్ క్యాంపుకి పంపేటప్పుడు బాబు ఎన్ని త్రోలు వేస్తాడని కోచ్‌ని అడగడంలో మొహమాటం వద్దు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు బేస్‌బాల్ ఆడుతున్నారు, అక్కడి పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల్లో 11, 12 ఏళ్ల పిల్లాడికి రోజుకి 85 పిచ్‌ల (అంటే పిచర్ విసిరే బంతుల) హద్దు ఉంది, ఎన్ని వేస్తే ఎన్ని రోజులు విశ్రాంతో కూడా రాసి ఉంటుంది. మన అకాడమీల్లో ఎవరో పెట్టేదాకా ఆగకుండా మీ పిల్లాడికి మీరే ఒక అంకె పెట్టండి.

ఎంతకాలం చూడాలి, కుదిరాక ఏం చేయాలి

మూడు నెలలు క్రమం తప్పకుండా చేశాక కూడా కదలిక లేకపోతే, నొప్పి అదే స్థాయిలో ఉంటే, భుజాల గురించి బాగా తెలిసిన సర్జన్‌ని కలిసి మాట్లాడండి. గూడ పదే పదే జారుతున్నా, కఫ్ పూర్తిగా తెగిపోయినా అంతకాలం ఆగొద్దు, వాళ్లకి ఆపరేషనే సరైన దారి కావచ్చు. మూడు నెలల్లో సగమైనా తగ్గితే ఆరు నెలలదాకా కొనసాగించడంలో అర్థముంది.

తగ్గాక కసరత్తులు మానేయకండి. నార్వేలో హ్యాండ్‌బాల్ ఆటగాళ్లతో వార్మప్‌లో భాగంగా వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు ఇలాంటి కసరత్తులే చేయిస్తే భుజం సమస్యల ముప్పు 28 శాతం తగ్గింది. పది నిమిషాలంటే నెట్స్ దగ్గర ప్యాడ్లు కట్టుకునే వాళ్ల కోసం ఎదురుచూసేంతసేపు.

ఆ అబ్బాయి నాలుగో నెలలో 60 మీటర్ల మెట్టు దాటాడు. ఆపరేషన్ జరగలేదు. ఇప్పుడు మ్యాచ్ లేని వారాల్లో కూడా వారానికి 75 దాటనివ్వడు, డ్రిల్లులో సగం త్రోలు అండరార్మ్ వేస్తానని కోచ్‌తో ముందే మాట్లాడుకున్నాడు.

ఆఖరుగా ఒక చిన్న సంగతి. మీరు వాడే రబ్బరు బ్యాండునో ట్యూబునో వారానికోసారి వెలుతురులో సాగదీసి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ రోజే పారేసి కొత్తది కట్టుకోండి, లాగుతున్నప్పుడు తెగితే నేరుగా కంటికి తగులుతుంది.